నల్లమల నుంచి అమరావతి దాకా: విజ్ఞాన యాత్రలో ఏం చూడాలి?

ప్రతి ఏడూ సంక్రాంతి సెలవులకు అటో ఇటో, పబ్లిక్ పరీక్షల హడావుడి మొదలుకాక ముందు, హాస్టళ్ళ నుంచి విజ్ఞాన యాత్రలు బయలుదేరతాయి. మేము హాస్టల్లో ఉన్నప్పుడు మొదటిసారి అలాగే నాగార్జునసాగర్ వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగింటికే లేచి చన్నీళ్ళు పోసుకుని బస్సెక్కాం. దారంతా పాటలు పాడుకున్నాం. ఆనకట్ట ముందు గ్రూపు ఫోటో దిగాం. చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. లాంచీ ఎక్కి కొండకు పోయి, మ్యూజియంలో ఒక తలుపున దూరి ఇంకో తలుపున ఇరవై నిమిషాల్లో బయటపడ్డాం. తిరిగి వచ్చాక తెలుగు సారు "ఏం చూశారురా?" అని అడిగితే "విరిగిన బొమ్మలు సార్" అని చెప్పాం. సారు నవ్వి ఊరుకున్నారు.

అలాంటి విరిగిన బొమ్మల మీద మనవంటి వాళ్ళ పేర్లు కూడా చెక్కి ఉంటాయని మాకు ఉద్యోగాలు వచ్చాక గానీ తెలియలేదు. మళ్ళీ వెళ్ళి నిదానంగా చూశాం. ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ ఇరవై నిమిషాల పొరపాటు జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం. కృష్ణానది వెంట నల్లమల అడవి, నాగార్జునకొండ, అమరావతి – ఈ మూడు చోట్లనూ ఒక పాఠంలా ఎలా చూడవచ్చో చెప్పుకుందాం.

ముందుగా ఒక యాత్ర కథ

1934లో డాక్టర్ అంబేద్కర్, ఆయనతో పాటు ఉద్యమంలో పనిచేస్తున్న సుమారు ముప్పై మంది కలిసి ఎల్లోరా గుహలు చూడటానికి బయలుదేరారు. అది కూడా మనం చేసేటటువంటి యాత్రే. దారిలో దౌలతాబాద్ కోట ఉంది. అప్పట్లో ఆ ప్రాంతం నిజాం పాలించే హైదరాబాద్ రాజ్యంలోనిది. అంటే నేటి తెలంగాణ జిల్లాలు ఉన్న రాజ్యమే. ప్రయాణంలో ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుపోవడంతో, కోట వాకిలి దగ్గర ఉన్న నీళ్ళ తొట్టిలో అందరూ కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేశారంటూ కేకలు వేస్తూ జనం పోగయ్యారు. బారిస్టరు చదివిన మనిషి, విదేశాల్లో డాక్టరేట్లు పొందిన మనిషి అక్కడ నిలబడి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. చివరకు కోట లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకూడదన్న షరతు మీద, ఆయుధం పట్టిన సిపాయిని వెంట ఇచ్చి, వాళ్ళను లోపలికి పోనిచ్చారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే తన చిన్న స్వీయ అనుభవాల పుస్తకంలో అంబేద్కరే ఈ సంగతి రాసుకున్నారు.

ఆ తరువాత పదహారేళ్ళకు, 1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందులో 15వ అధికరణం రెండవ భాగం చదవండి. ప్రభుత్వ ధనంతో నడిచే లేదా ప్రజల కోసం కేటాయించిన బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాలు వాడుకోవడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరికీ అడ్డు ఉండరాదని ఉంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 49వ అధికరణం చారిత్రక కట్టడాలను కాపాడే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. కనుక మ్యూజియం వాకిట్లో మనం కొనే టిక్కెట్టు చిన్న కాగితం ముక్కే గానీ, దాని వెనుక ఇంత కథ ఉంది. ఎవరి దయ వల్లనో లోపలికి పోవడం లేదు. అది మన హక్కు. హక్కుతో పోయినవాళ్ళు ఇరవై నిమిషాల్లో బయటపడితే నష్టం మనకే.

అభయారణ్యం వేరు, జాతీయ ఉద్యానవనం వేరు

యాత్రకు పోయే ముందు కొన్ని మాటలకు అర్థం తెలిసి ఉండాలి. పోటీ పరీక్షల్లో కూడా ఇవి అడుగుతారు.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం రక్షణ ఇచ్చే ప్రాంతాల్లో మనం ఎక్కువగా వినేవి మూడు. మొదటిది అభయారణ్యం. ఇక్కడ జంతువులను వేటాడరాదు. అయితే అధికారుల అనుమతికి లోబడి, స్థానికులకు కొన్ని హక్కులు కొనసాగవచ్చు. రెండవది జాతీయ ఉద్యానవనం. ఇక్కడ కట్టుబాటు ఇంకా గట్టిది. పశువులను మేపడం కూడా కుదరదు. మూడవది పులుల అభయారణ్యం, అంటే టైగర్ రిజర్వు. ఇందులో మనుషుల అలికిడి తక్కువగా ఉండవలసిన లోపలి భాగాన్ని కోర్ అనీ, దాని చుట్టూ ఉన్న భాగాన్ని బఫర్ అనీ అంటారు. పులుల సంరక్షణ పథకం, అదే ప్రాజెక్ట్ టైగర్, 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అడవులతో మొదలైంది.

ఆంధ్రప్రదేశ్‌లో శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, గోదావరి గట్ల మీద పాపికొండల జాతీయ ఉద్యానవనం ఉన్నాయి. పాపికొండలకు ఆ హోదా 2008లో వచ్చింది. తెలంగాణలో జాతీయ ఉద్యానవనాలు మూడు. మూడూ హైదరాబాద్ నగరంలోనో, దాని అంచుననో ఉన్నాయి. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దారిలో మృగవని, జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. వీటిలో మొదటిది పధ్నాలుగున్నర చదరపు కిలోమీటర్లు, చివరిది ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. పేరు గొప్పది కనుక అడవి పెద్దదనుకోకూడదు. హోదా అనేది చట్టం ఇచ్చే రక్షణకు గుర్తు, విస్తీర్ణానికి కాదు.

నల్లమల: పులి అడవి, చెంచుల ఇల్లు

పెద్ద అడవి చూడాలంటే నల్లమల పోవాలి. కృష్ణకు రెండు వైపులా పరుచుకున్న ఈ అడవిలో నాగార్జునసాగర్, శ్రీశైలం మధ్య ప్రాంతం 1978లో అభయారణ్యమైంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన తెలంగాణలో ఉన్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. దక్షిణాన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది పాత పేరుతోనే, నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వుగా కొనసాగుతోంది. ఇది మూడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అమ్రాబాద్ రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైన ఉంటుంది. పులికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు. దానికి అది ఒకటే అడవి.

నల్లమల ఆకురాల్చే అడవి. వర్షాకాలం దాటిన తరువాత పచ్చగా, మార్చి వచ్చేసరికి మోడుగా కనబడుతుంది. ఎండాకాలంలో చూసి "అడవి ఎండిపోయింది" అనుకోవద్దు. నీటిని కాపాడుకోవడానికి చెట్లు ఆకులు రాల్చుకుంటాయి. టేకు, నల్లమద్ది, ఏగిస, చండ్ర, తునికి, ఇప్ప, వెదురు ఇక్కడ చూడవచ్చు. తునికి ఆకుతోనే బీడీలు చుడతారు. మన హాస్టల్ పిల్లల ఇళ్ళల్లో బీడీలు చుట్టే అమ్మలు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆ ఆకు ఎక్కడిదో కళ్ళారా చూడండి.

జంతువుల్లో పులి, చిరుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, చుక్కల దుప్పి, మనుబోతు, కొండగొర్రె, అలుగు ఉన్నాయి. పులి కనబడుతుందని ఆశపెట్టుకుని పోతే నిరాశే మిగులుతుంది. దాని అడుగుజాడ, చెట్టు బెరడు మీద గోళ్ళ గీతలు కనబడితే అదే అదృష్టం. పులుల లెక్క కూడా ఇప్పుడు చాలావరకు అలాగే జరుగుతుంది. అడవిలో దారుల పక్కన చెట్లకు కెమెరాలు కట్టి ఫోటోలు తీస్తారు. మనిషికి వేలిముద్ర ఎలాగో పులికి చారలు అలాగ. ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు. ఆ చారలను బట్టి ఒకే పులిని రెండుసార్లు లెక్కించకుండా చూస్తారు. 2022 లెక్కల ప్రకారం దేశంలో పులులు సుమారు 3,682.

పులి ఒక్కటి బతకాలంటే జింకలు కావాలి. జింకలకు గడ్డి కావాలి. గడ్డికి నీరు కావాలి. అడవిలో కురిసిన వాన ఆకులు కుళ్ళిన నేలలోకి ఇంకి, వాగులై, చివరకు కృష్ణలో కలుస్తుంది. అంటే పులిని కాపాడే చట్టం కింద పొలాల్లో పంటను కూడా కాపాడుతోంది. సైన్సు పుస్తకంలోని ఆహార గొలుసు పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయితే నల్లమలలో పులి ఒక్కటే లేదు. తరతరాలుగా చెంచులు ఉంటున్నారు. వాళ్ళ ఊళ్ళను పెంటలు, గూడేలు అంటారు. తేనె తీయడం, దుంపలు తవ్వుకోవడం, అడవి సరుకు ఏరుకోవడం వాళ్ళ బతుకుతెరువు. శ్రీశైలం మల్లన్నను చెంచులు తమ అల్లుడిగా చెప్పుకుంటారు. అడవికి చట్టం వచ్చాక, అక్కడే పుట్టినవాళ్ళకు అక్కడే తిరగడానికి ఆంక్షలు వచ్చాయి. ఈ అన్యాయాన్ని కొంతైనా సరిచేయడానికి 2006లో అటవీ హక్కుల చట్టం చేశారు. ఇప్పుడు అటవీ శాఖ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్ళలో, పులి జాడలు తీసేవాళ్ళలో చెంచు యువకులు చాలామంది ఉన్నారు. అడవిని చదవడంలో వాళ్ళే మనకు గురువులు. వాళ్ళ గూడెంలోకి పోతే అడగకుండా ఫోటోలు తీయవద్దు. మనల్ని ఎవరైనా వింతగా చూస్తే మనకు ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మన్ననూరు దగ్గర అడవిలో ప్రవేశిస్తుంది. జంతువుల రాకపోకల కోసం అక్కడ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను ఆపుతారు. బస్సు బయలుదేరే వేళ దాన్నిబట్టి చూసుకోవాలి. వానాకాలంలో అడవి లోపలి సఫారీలు మూసి ఉంటాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పోవడం మంచిది.

నాగార్జునసాగర్: నీళ్ళ కింద ఊళ్ళు

సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఇది ఒకటి. ఎత్తు 124 మీటర్లు, క్రెస్టు గేట్లు 26. కుడి కాలువను జవహర్ కాలువ అనీ, ఎడమ కాలువను లాల్ బహదూర్ కాలువ అనీ అంటారు. రెండూ కలిసి ఇరవై లక్షల ఎకరాలకు పైగా నీళ్ళివ్వడానికి కట్టినవి. పెద్ద యంత్రాల కన్నా ఎక్కువగా మనుషుల చేతులతో, తట్టలతో, రాళ్ళు మోసి కట్టిన ఆనకట్ట ఇది. వేలాది కూలీలు అక్కడే గుడిసెలు వేసుకుని ఏళ్ళ తరబడి పనిచేశారు. శిలాఫలకం మీద ప్రధానమంత్రుల పేర్లు ఉంటాయి. కూలీల పేర్లు ఉండవు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, అమరావతికి వెళ్ళాక మళ్ళీ చెప్పుకుందాం.

ఆ నీళ్ళ కింద ఏముంది? క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఆ వంశంలో తెలిసిన రాజులు. ఆ తరువాత పట్టణం పాడుపడి, చెట్లు మొలిచి, అక్కడ ఇలాంటిదొకటి ఉండేదని జనం మరిచిపోయారు.

మళ్ళీ దాన్ని ముందుగా గుర్తించినది ఎవరో తెలుసా? ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడ పాత స్తంభం ఒకటి చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న సరస్వతి వచ్చి పరిశీలించారు. తరువాత 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపించారు. ఆనకట్ట కడితే లోయంతా మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వారు. దొరికిన వాటిలో ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని ఇటుక ఇటుక విప్పి, కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి మళ్ళీ నిలబెట్టారు. కొండ చుట్టూ నీళ్ళు చేరాక అది ద్వీపమైంది. 1966 నుంచి అక్కడ మ్యూజియం ఉంది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన మాట ఒకటుంది. లోయలో పాత కట్టడాలే కాదు, బతికి ఉన్న ఊళ్ళు కూడా ఉండేవి. వాళ్ళూ ఇళ్ళూ పొలాలూ వదిలి లేచిపోయారు. స్తూపానికి కొత్త చోటు ఎంత జాగ్రత్తగా వెతికామో, మనుషులకు అంత జాగ్రత్తగా వెతికామా? సాగర్ నీళ్ళతో పండిన అన్నం తిన్నవాళ్ళం కనుక ఆనకట్ట వద్దని మేము అనలేము. కానీ ఆ అన్నంలో లేచిపోయినవాళ్ళ భాగం కూడా ఉందని మరిచిపోకూడదు.

మ్యూజియంలో ఇవి తప్పక చూడండి. మొదటిది ఆయక స్తంభాల సంగతి. స్తూపానికి నాలుగు దిక్కులా ఒక్కో వేదిక, ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు ఉండేవి. బుద్ధుని జననం, ఇల్లు వదలడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం – ఈ ఐదింటికి అవి గుర్తులు. రెండవది దానం చేసిన స్త్రీల పేర్లు. మహాచైత్యాన్ని నిలబెట్టినది శాంతమూలుని సోదరి శాంతిశ్రీ. శాసనంలో 'చాంతిసిరి' అని ఉంటుంది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళం నుంచి వచ్చిన భిక్షువుల ప్రస్తావనా, కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి వంటి దేశాల పేర్లూ ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ళ కిందట పల్నాటి లోయ పేరు అంత దూరం పాకింది. మూడవది ఛాయాస్తంభాలు. చనిపోయినవారి జ్ఞాపకంగా నిలిపిన ఈ స్తంభాల్లో రాజులవే కాదు, సేనానులవీ, సైనికులవీ, పనివాళ్ళ పెద్దదీ ఉన్నాయి.

అనుపులో క్రీడారంగం చూడండి. మెట్ల మీద కూర్చుని, కింద ఒకరు నిలబడి మాట్లాడితే ఎలా వినబడుతుందో మీరే పరీక్షించండి. అక్కడికి దగ్గరలోనే ఎత్తిపోతల ఉంది. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, ముందుకు పోయి కృష్ణలో కలుస్తుంది. కింది మడుగులో మొసళ్ళు ఉన్నాయి. కంచె దాటి దిగవద్దు. ఈత వచ్చినవాళ్ళకు ఈ మాట రెండుసార్లు చెబుతున్నాం.

అమరావతి: విధికుడి పలక

గుంటూరు నుంచి గంటన్నర లోపే అమరావతి చేరవచ్చు. పక్కనే ఉన్న ధరణికోటే పూర్వపు ధాన్యకటకం. ఇక్కడి మహాస్తూపం మొదలై రెండు వేల ఏళ్ళు దాటింది. శాతవాహనుల కాలంలో దానికి పాలరాయిలా మెరిసే సున్నపురాతి పలకలు తొడిగి, ప్రపంచం మెచ్చిన శిల్పాలు చెక్కారు.

ఇప్పుడు వెళితే మీకు కనబడేది గడ్డి మొలిచిన పెద్ద దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. "ఇంతేనా?" అనిపిస్తుంది. మాకూ అనిపించింది. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు దిబ్బలోని ఇటుకలూ రాళ్ళూ ఇళ్ళకూ మెట్లకూ పోయాయి. ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ వచ్చి చూసి, తరువాత మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు చేరాయి. వాటిలో చాలా 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అందుకే నేడు అమరావతి శిల్పాలు చూడాలంటే అమరావతి మ్యూజియం ఒక్కటి చాలదు. చెన్నై ఎగ్మూరు మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం కూడా చూడాలి. ఒక స్తూపం మూడు ఊళ్ళ పాలైంది.

ఇక అసలు సంగతికి వస్తున్నాం. ఈ స్తూపాన్ని ఏ ఒక్క రాజూ కట్టలేదు. పలకల మీద ఉన్న చిన్న చిన్న ప్రాకృత శాసనాలు చదివితే, ఎవరెవరు ఏ పలక ఇచ్చారో తెలుస్తుంది. గృహపతులు ఉన్నారు, వర్తకులు ఉన్నారు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాడు ఉన్నాడు, భిక్షుణులు ఉన్నారు. వీళ్ళందరి మధ్య ఒక పేరు ఉంది – విధికుడు. అతని వృత్తి కూడా శాసనంలో ఉంది: 'చమ్మకార', అంటే చర్మకారుడు. తోలుపని చేసే మనిషి.

ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం ఉన్న పలకను దానంగా ఇచ్చాడని ఆ శాసనం సారాంశం. పూర్ణఘటం అంటే పూలతో నిండుగా పొంగే కుండ.

ఈ ఒక్క వాక్యాన్ని హాస్టల్ పిల్లలు నాలుగుసార్లు చదవాలి. తోలుపని చేసేవాడు పవిత్రమైన చోట రాయి నిలిపాడు. తన వృత్తిని దాచుకోలేదు, పేరు పక్కనే చెక్కించాడు. అతని తండ్రి ఉపాధ్యాయుడు. అంటే చదువు చెప్పిన ఇంట్లోనే తోలుపనీ ఉంది. కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు, మన ఊళ్ళల్లో ఇప్పటికీ పెట్టుకున్నట్టే. దానంలో తల్లిని, భార్యను, కూతుళ్ళను కలుపుకున్నాడు. శాసనం ఇంతకు మించి చెప్పదు. దీన్నిబట్టి ఆ కాలంలో అందరూ సమానమేనని మనం తేల్చేయకూడదు, అది చరిత్ర రాసే పద్ధతి కాదు. కానీ ఒకటి మాత్రం రుజువైంది. మన తాతలకు చరిత్రే లేదని, చదువు వాళ్ళ దరికి ఎప్పుడూ రాలేదని ఎవరైనా అంటే, అది నిజం కాదని చెప్పడానికి రాతి మీద సాక్ష్యం ఉంది. సాగర్ శిలాఫలకం మీద కూలీ పేరు లేదు. దానికి పద్దెనిమిది వందల ఏళ్ళకు పైగా ముందరే అమరావతిలో చర్మకారుడి పేరు ఉంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో అంబేద్కర్ బౌద్ధం స్వీకరించారు. దౌలతాబాద్ వాకిట్లో నీళ్ళు ముట్టనివ్వని దేశంలో ఆయన వెతుక్కుంటూ పోయిన దారి, మన కృష్ణ ఒడ్డున విధికుడు పలక నిలిపిన దారే.

వెళ్ళేముందు, వెళ్ళినచోట, వచ్చాక

ఈ మూడు చోట్లకూ మూడు రోజులు పెట్టుకుంటే నిదానంగా చూడవచ్చు. ఒక్కరోజే వీలైతే ఒక్కచోటే చూడండి. మూడింటినీ ఒక్కరోజులో పరుగెత్తి చూసేకన్నా అది మేలు.

భారత పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. నాగార్జునకొండ, అమరావతి రెండూ ఆ శాఖవే. యాత్ర తేదీ వేసుకునేటప్పుడు వార్డెన్ సారుకు ఈ సంగతి గుర్తు చేయండి. ఆ శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. వయసు తెలిపే గుర్తింపు కాగితం, స్కూలు నుంచి ఒక లేఖ దగ్గర ఉంచుకోవాలి. కొండకు లాంచీలో సుమారు ముప్పావు గంట పడుతుంది. గాలి వీచినా, జనం చాలకపోయినా ఆలస్యం అవుతుంది. అందుకని పొద్దున్నే మొదటి లాంచీకి చేరుకోవడం మంచిది.

ప్రతి ఒక్కరూ ఒక నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్ళండి. మ్యూజియంలో అన్నీ చూడాలని ఆత్రపడవద్దు. ఐదు వస్తువులు ఎంచుకోండి. ఒక్కోదాని ముందు పది నిమిషాలు నిలబడి, బొమ్మ గీయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు, గీస్తేనే కన్ను చూస్తుంది. ఒక్కో వస్తువు గురించి నాలుగు ప్రశ్నలు వేసుకోండి: దీన్ని ఎవరు చేశారు? ఎవరు డబ్బిచ్చారు? ఎవరు వాడారు? ఎవరి పేరు ఇక్కడ లేదు? నాలుగో ప్రశ్న మరిచిపోవద్దు.

రాళ్ళ మీద పేర్లు చెక్కవద్దు. ప్రేమ గుర్తులు అసలే వద్దు. రెండు వేల ఏళ్ళు నిలిచిన రాయి మీద మన బలపం గీత కూడా గాయమే. అడవిలో కోతులకు తిండి పెట్టవద్దు, ప్లాస్టిక్ కవర్లు పారేయవద్దు. ప్రకృతినీ, వారసత్వాన్నీ కాపాడటం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రకారం మన ప్రాథమిక విధి కూడా.

తిరిగి వచ్చాక అసలు పని మొదలవుతుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. చెరువుకట్ట మీద అక్షరాలున్న రాయి, పొలం గట్టున వీరగల్లు, పాడుపడిన గుడి, పాత దిబ్బ – ఏదో ఒకటి ఉంటుంది. రోజూ దాని మీద బట్టలు ఉతికే రాయే శాసనం కావచ్చు. మీ అమ్మమ్మనూ తాతయ్యనూ దాని గురించి అడగండి. వాళ్ళు చెప్పినది రాయండి. రాయిని కదపవద్దు, తవ్వవద్దు. బొమ్మ గీసి, ఉన్నచోటు రాసి, సోషల్ సారుకు చూపించండి. ఊరి తహసీల్దారు ద్వారా పురావస్తు శాఖకు తెలియజేయవచ్చు. 1926లో ఒక బడిపంతులు చేసినది ఇంతే. ఆయన చూసి ఊరుకుని ఉంటే, ఇక్ష్వాకుల రాజధాని ఎవరికీ తెలియకుండానే సాగర్ నీళ్ళ కిందికి పోయేది.

వచ్చే ఏటి సంచికకు మీ ఊరి రాయి గురించి ఒక పేజీ రాసి పంపండి. మేము చదవడానికి ఎదురుచూస్తుంటాం. ఈసారి యాత్ర నుంచి వచ్చాక సారు "ఏం చూశారు?" అని అడిగితే మాలాగా విరిగిన బొమ్మలని చెప్పకండి. విధికుడి సంగతి చెప్పండి.